ఈవాన్స్ సిండ్రోమ్, తగ్గని విరేచనాలు, ఊపిరితిత్తుల్లో మచ్చలు: సీటీఎల్ఏ-4 అనే ఇమ్యూన్ బ్రేక్ నిలబడని ఒక పాప కేసు

ముందే చెప్తున్నా, పాపని గుర్తుపట్టే వివరాలన్నీ తీసేసా, కొన్ని మార్చా, పేరెంట్స్‌ని అడిగే రాస్తున్నా. పీడియాట్రిక్స్, హెమటాలజీ, గ్యాస్ట్రో చేసేవాళ్ళకి పనికొస్తుందని రాస్తున్నా, ఎందుకంటే ఈ పాప ఈ మూడు ఓపీల చుట్టూ తిరిగింది, ప్రతి ఓపీలో జబ్బులో ఒక ముక్క కనబడింది, ఆ ముక్కకి తగ్గ ట్రీట్‌మెంట్ అక్కడ సరిగ్గానే ఇచ్చారు, అయినా పాప ఏడాదికేడాది చిక్కిపోతూనే వచ్చింది.

నేపథ్యం

నాలుగేళ్ళు నిండకముందే ఒంటి మీద కమిలిన మచ్చలు, చిగుళ్ళ నుంచి రక్తం, ప్లేట్‌లెట్స్ 6 వేలు. ఐటీపీ (సొంత ఇమ్యూన్ సిస్టమే ప్లేట్‌లెట్స్‌ని నాశనం చేసే జబ్బు) అన్నారు, ఆ వయసులో ఎవరైనా అదే అంటారు. ఐవీఐజీ (దాతల రక్తం నుంచి తీసిన యాంటీబాడీల డ్రిప్) ఇస్తే పెరిగాయి, మళ్ళీ పడ్డాయి, స్టెరాయిడ్ మొదలైంది, తగ్గించినప్పుడల్లా మళ్ళీ పడిపోవడం. ఆ తర్వాత హిమోగ్లోబిన్ 4.8కి వచ్చింది, కూంబ్స్ టెస్ట్ పాజిటివ్, అంటే ప్లేట్‌లెట్స్‌తో పాటు ఎర్ర కణాల మీద కూడా యాంటీబాడీలు తయారవుతున్నాయి, ఈవాన్స్ సిండ్రోమ్. రిటుక్సిమాబ్ (యాంటీబాడీలు తయారుచేసే బీ కణాల్ని తుడిచిపెట్టే మందు) వారానికొకటి చొప్పున నాలుగు డోసులు ఇచ్చారు, కొన్ని నెలలు బాగుంది.

తర్వాత విరేచనాలు మొదలయ్యాయి. రోజుకి ఎనిమిది పది సార్లు, నీళ్ళలాగా, రాత్రి నిద్రలో కూడా. సీలియాక్ (గోధుమలు పడని పేగు జబ్బు) టెస్ట్ నెగెటివ్ వచ్చింది, అయినా గోధుమలు మానిపించి చూశారు, మార్పు లేదు. స్కాన్‌లో పొట్టలో లింఫ్ నోడ్స్, ప్లీహం పెద్దది, ఛాతీ సీటీలో చిన్న చిన్న నోడ్యూల్స్. మన దేశంలో పొట్టలో నోడ్స్, ఊపిరితిత్తుల్లో మచ్చలు, బరువు తగ్గడం ఈ మూడూ కలిస్తే టీబీ గురించి ఆలోచించకుండా ఎవరూ ఉండరు, జీన్‌ఎక్స్‌పర్ట్ అనే టీబీ టెస్ట్ నెగెటివ్ వచ్చినా ఆరు నెలలు టీబీ మందులు వాడారు. నోడ్ బయాప్సీలో గ్రాన్యులోమా (టీబీలో కనబడే కణాల ముద్ద) లేదు, రియాక్టివ్ (దేనికో స్పందించి ఉబ్బింది) అని మాత్రమే వచ్చింది.

మా దగ్గరికి వచ్చేసరికి

ఏడేళ్ళ పాప, 14 కిలోలు. హిమోగ్లోబిన్ 6.2, ప్లేట్‌లెట్స్ 18 వేలు, ప్లీహం బొడ్డు దాకా తగుల్తోంది. యాంటీబాడీల్లో మూడు రకాలు చూస్తే ఐజీజీ 210 అంటే తక్కువ, ఐజీఏ మెషిన్ కొలవలేనంత తక్కువ, ఐజీఎమ్ కూడా తక్కువే. సీలియాక్ టెస్ట్ ఎందుకు నెగెటివ్ వచ్చిందో ఇక్కడే తెలుస్తోంది, ఆ టెస్ట్ చూసేది ఐజీఏ యాంటీబాడీని, ఒంట్లో ఐజీఏనే లేనప్పుడు ఆ నెగెటివ్‌కి అర్థం లేదు. టోటల్ ఐజీఏ చూడకుండా ఆ రిపోర్ట్‌ని నమ్మకూడదు.

ఇంటి సంగతులు అడిగితే నాన్న మామూలుగానే చెప్పాడు, "మా అక్క కూతుర్నే చేసుకున్నా మేడం, మా వైపు అందరం అంతే కదా" అని. మేనమామ, మేనకోడలు పెళ్ళి అంటే పుట్టే పిల్లల జీన్స్‌లో సగటున ఎనిమిదో వంతు చోట్ల రెండు కాపీలూ ఒకే పూర్వీకుల నుంచి వచ్చినవి అయ్యుంటాయి, బావామరదళ్ళ మేనరికంలో అయితే పదహారో వంతు. అంటే రెండు కాపీలూ చెడితేనే బయటపడే జబ్బులకి ఇలాంటి ఇళ్ళల్లో అవకాశం ఎక్కువ. ఇది అడిగేటప్పుడు తప్పు పట్టినట్టు వినిపిస్తే వాళ్ళు మిగతాది చెప్పరు, మామూలు ప్రశ్నలాగా అడిగితే కొంచెం ఆగి అమ్మ ఇంకో మాట చెప్పింది, తన అమ్మ వైపు చిన్నప్పుడే "రక్తం విరిగిపోయి" పోయిన పిల్లాడు ఒకడు ఉన్నాడని.

మొదట తేల్చాల్సింది ఏంటంటే ఈ ఐజీజీ తక్కువ అవ్వడం మందుల వల్లా, పేగుల్లోంచి పోతోందా, లేక మొదట్నుంచీ ఇంతేనా. రిటుక్సిమాబ్ తర్వాత ఐజీజీ పడిపోవడం మామూలే, స్టెరాయిడ్ వల్ల కూడా తగ్గుతుంది. పేగుల్లోంచి పోతుంటే ఆల్బుమిన్ కూడా బాగా పడిపోవాలి, ఈ పాపకి 3.4 ఉంది, అంటే అది మొత్తం కథ అయ్యుండదు. రిటుక్సిమాబ్‌కి ముందు ఐజీజీ ఎవరూ చూడలేదు, ఫైల్ అంతా తిరగేశాం, లేదు. కానీ మొట్టమొదటి అడ్మిషన్‌లో, మొదటి ఐవీఐజీ ఇంకా ఎక్కించకముందు, మామూలు లివర్ టెస్ట్ ఒకటి చేసిన కాగితం ఉంది. టోటల్ ప్రోటీన్ 5.6, ఆల్బుమిన్ 4.1. తీసేస్తే గ్లోబులిన్ 1.5. ఆ వయసు పిల్లలకి కనీసం రెండు దాకా ఉండాలి, గ్లోబులిన్‌లో పెద్ద భాగం ఐజీజీనే. అంటే ఏ మందూ పడకముందే పాపకి యాంటీబాడీలు తక్కువ. రిటుక్సిమాబ్ మీద నెపం వేసే వీలు అక్కడితో పోయింది.

ఒకపక్క యాంటీబాడీలు తయారవ్వట్లేదు, ఇంకోపక్క సొంత రక్తకణాల మీదే యాంటీబాడీలు తయారవుతున్నాయి. ఇమ్యూన్ లోపం, ఆటోఇమ్యూనిటీ ఎదురెదురు విషయాలు అనుకుంటాం గానీ పిల్లల్లో రెండూ కలిసి కనిపిస్తే ఇమ్యూన్ సిస్టంని అదుపులో పెట్టే చోటే ఏదో తేడా ఉందని అర్థం. 2019లో ఫ్రాన్స్ వాళ్ళు ఈవాన్స్ సిండ్రోమ్ ఉన్న 80 మంది పిల్లల జీన్స్ చూస్తే దాదాపు 40 శాతం మందిలో కారణమైన మ్యుటేషన్ దొరికింది, అందులో సీటీఎల్ఏ-4, ఎల్ఆర్‌బీఏ అనే జీన్స్ ముందు వరసలో ఉన్నాయి.

ముందు ట్రై చేసినవి

అందరికీ ముందు గుర్తొచ్చేది ఆల్ప్స్ అనే జబ్బు, ఫాస్ రిసెప్టర్ చెడిపోయి చావాల్సిన లింఫోసైట్లు (ఒక రకం తెల్ల రక్తకణాలు, టీ కణాలు వీటిలోవే) చావకుండా పేరుకుపోయేది. ప్లీహం, నోడ్స్, ఈవాన్స్ అన్నీ సరిపోతాయి. కానీ డబుల్ నెగెటివ్ (సీడీ4, సీడీ8 అనే గుర్తులు రెండూ లేని) టీ కణాలు మొత్తం టీ కణాల్లో 2.1 శాతమే, ఆల్ప్స్ అనాలంటే 2.5 దాటాలి, విటమిన్ బీ12 నార్మల్, ఆల్ప్స్‌లో అది బాగా పెరిగి ఉంటుంది. పైగా ఆల్ప్స్‌లో ఐజీజీ ఎక్కువ ఉండడమే మామూలు, ఇంత పడిపోదు. పూర్తిగా కొట్టేయలేదు గానీ పక్కన పెట్టాం.

జెనెటిక్ రిపోర్ట్ వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోలేం కాబట్టి సిరోలిమస్ అనే ఇమ్యూనిటీ తగ్గించే మందు మొదలుపెట్టాం. ఎందుకు అదే అంటే ఆల్ప్స్ అయినా ఇంకేదైనా ఈ గుంపులో చాలా జబ్బులకి కొంతైనా పని చేస్తుంది, రిటుక్సిమాబ్‌లాగా కణాల్ని తుడిచిపెట్టదు, స్టెరాయిడ్ తగ్గించడానికి వీలిస్తుంది. ప్లేట్‌లెట్స్ 60, 70 వేల దాకా వచ్చాయి. కానీ విరేచనాల్లో ఏ మార్పూ లేదు, పైగా ఆ విరేచనాల వల్లే మందు సరిగ్గా ఒంటికి పట్టట్లేదు, రక్తంలో లెవెల్ ఒక వారం 3, ఇంకో వారం 17, మనకి కావాల్సింది 8 నుంచి 12 మధ్య. నోట్లో పుళ్ళు మొదలయ్యాయి. మైకోఫెనొలేట్ అనే అలాంటిదే ఇంకో మందు కలిపి చూశాం, అది మామూలు వాళ్ళకే విరేచనాలు తెప్పించే మందు, ఈ పాపకి ఇంకా ఎక్కువయ్యాయి, ఆపేశాం.

ఇక్కడ ఆగి ఆలోచిస్తే ఒకటి అర్థమైంది, మనం ఇచ్చేవన్నీ ఇమ్యూన్ సిస్టంని మొత్తంగా కిందకి నొక్కేవే. రక్తం కొంచెం మాట వింటోంది, పేగులు అస్సలు వినట్లేదు.

బయాప్సీ రిపోర్ట్‌లో ఒక లైన్

మళ్ళీ ఎండోస్కోపీ, కొలనోస్కోపీ చేయించాం. విల్లై (పేగు లోపలి గోడ మీద వేళ్ళలా ఉండేవి) అరిగిపోయాయి, యాంటీబాడీలు తయారుచేసే ప్లాస్మా కణాలు దాదాపు లేవు, ఎపిథీలియంలో (పేగు లోపలి పొరలో) లింఫోసైట్లు ఎక్కువ, క్రిప్ట్స్‌లో (ఆ పొరలోని గుంటల్లో) కణాలు చచ్చిపోతూ కనిపిస్తున్నాయి. చివర్లో పాథాలజిస్ట్ ఒక లైన్ రాశారు, ఇపిలిముమాబ్ తీసుకున్న క్యాన్సర్ పేషెంట్ల పెద్దపేగులో ఇలాంటి పిక్చర్ చూస్తుంటాం, పాప ఏమైనా అలాంటి మందు మీద ఉందా అని. చాలా మంది ఆ లైన్ దాటేసి పోతారు, పాపకి క్యాన్సర్ లేదు, ఆ మందూ లేదు. కానీ ఆ ప్రశ్నలోనే జవాబు ఉంది. ఇపిలిముమాబ్ చేసేది ఒకటే పని, సీటీఎల్ఏ-4ని అడ్డుకోవడం. మందు లేకుండానే అదే పేగు కనిపిస్తోందంటే పాప ఒంట్లో సీటీఎల్ఏ-4 పుట్టుకతోనే పని చేయట్లేదేమో అని చూడాలి.

తెలియనివాళ్ళ కోసం కొంచెం వివరంగా చెప్తా. టీ కణం యాక్టివేట్ అవ్వాలంటే దాని పైన ఉన్న టీ సెల్ రిసెప్టర్, ఎదుటి కణం చూపించే పెప్టైడ్‌ని (ప్రోటీన్ ముక్కని) గుర్తుపట్టాలి, అది మొదటి సిగ్నల్. అదొక్కటే సరిపోదు, టీ కణం మీదున్న సీడీ28 అనే రిసెప్టర్ ఎదుటి కణం మీదున్న సీడీ80, సీడీ86లని పట్టుకోవాలి, అది రెండో సిగ్నల్. సీడీ28కి ఎంత బలం ఉందో 2006 మార్చిలో లండన్‌లో చూశారు, దాన్ని నేరుగా రెచ్చగొట్టే టీజీఎన్1412 అనే యాంటీబాడీ ఆరోగ్యంగా ఉన్న ఆరుగురు వాలంటీర్లకి ఇస్తే ఆరుగురూ ఐసీయూలో పడ్డారు. సీటీఎల్ఏ-4 దీనికి బ్రేక్. సీడీ28 పట్టుకునే వాటినే ఇదీ పట్టుకుంటుంది, ఇంకా గట్టిగా పట్టుకుంటుంది, అంతేకాదు రెగ్యులేటరీ టీ కణాల (మిగతా టీ కణాల్ని అదుపులో పెట్టేవి) మీదున్న సీటీఎల్ఏ-4 ఎదుటి కణం మీద నుంచి సీడీ80, సీడీ86లని లాగేసుకుని లోపలికి మింగేస్తుంది, ఇక సీడీ28కి పట్టుకోవడానికి ఏమీ మిగలదు. 1987లోనే ఈ మాలిక్యూల్ దొరికింది గానీ అది బ్రేక్ అని గట్టిగా తెలిసింది 1995లో, ఆ జీన్ తీసేసిన ఎలుకలు మూడు నాలుగు వారాలకే అన్ని అవయవాల్లో లింఫోసైట్లు నిండిపోయి చనిపోయాయి. క్యాన్సర్ మీదకి టీ కణాల్ని వదలడానికి ఆ బ్రేక్‌నే తీసేయొచ్చు అని చూపించినందుకు జేమ్స్ అలిసన్‌కి 2018 నోబెల్ వచ్చింది, పీడీ-1 అనే ఇంకో బ్రేక్‌ని కనిపెట్టిన తసుకు హోంజోతో కలిపి.

సీటీఎల్ఏ-4ని ఎక్కడ వెతకాలి

అంతకుముందే చేసిన ఫ్లో సైటోమెట్రీలో (కణాల్ని వాటి మీదున్న గుర్తుల్ని బట్టి లెక్కపెట్టే టెస్ట్) సీడీ3, సీడీ4, సీడీ8 అన్నీ వయసుకి తగ్గట్టే ఉన్నాయి, "లింఫోసైట్ సబ్‌సెట్స్ నార్మల్" అని రిపోర్ట్. ఆ రిపోర్ట్ చెప్పేది ఎన్ని కణాలున్నాయో మాత్రమే, వాటి మీదున్న రిసెప్టర్లు పని చేస్తున్నాయో లేదో దాన్లో ఉండదు. ఇమ్యూన్ జబ్బు లేదని తేల్చేయడానికి ఈ రిపోర్ట్‌ని వాడుతుంటారు, అది సరి కాదు.

సీటీఎల్ఏ-4తో ఇంకో చిక్కు ఉంది. పేరుకి సర్ఫేస్ రిసెప్టరే గానీ ఏ సమయంలో చూసినా అందులో ఎక్కువ భాగం కణం లోపలే ఉంటుంది. పైకి వస్తుంది, క్షణాల్లో లోపలికి వెళ్ళిపోతుంది, అక్కడి నుంచి మళ్ళీ పైకి తిరిగి రావాలి లేదా లైసోజోమ్‌కి (కణంలో పనికిరానివాటిని అరగదీసే సంచికి) వెళ్ళి ముక్కలైపోవాలి. తిరిగి పైకి పంపే పనిలో దానికి కాపలా ఉండేది ఎల్ఆర్‌బీఏ అనే ప్రోటీన్. 2012లో ఎల్ఆర్‌బీఏ లోపం ఉన్న పేషెంట్ల గురించి మొదటిసారి రాశారు, కానీ ఆ ప్రోటీన్‌కీ సీటీఎల్ఏ-4కీ ఉన్న లింక్ 2015లో బయటపడింది: ఎల్ఆర్‌బీఏ లేకపోతే సీటీఎల్ఏ-4 జీన్ బాగానే ఉంటుంది, ప్రోటీన్ తయారవుతుంది, కానీ వాడుకునేలోపే లైసోజోమ్‌లో అరిగిపోతుంది.

అందుకే రెస్ట్‌లో ఉన్న కణాల పైన మాత్రమే స్టెయిన్ చేస్తే ఆరోగ్యంగా ఉన్నవాళ్ళలో కూడా పెద్దగా ఏమీ కనపడదు, ఆ టెస్ట్ దేనికీ పనికిరాదు. కణాల్ని సీడీ3, సీడీ28 పూసల మీద రాత్రంతా ఉంచి యాక్టివేట్ చేసి, పొరకి రంధ్రాలు చేసి లోపలా బయటా ఉన్న మొత్తం సీటీఎల్ఏ-4ని, అదీ ఫాక్స్‌పీ3 అనే గుర్తు ఉన్న రెగ్యులేటరీ కణాల్లో విడిగా కొలవాలి. ఈ టెస్ట్ అన్ని ల్యాబుల్లో ఉండదు, వేరే ఊరికి పంపాలి. హెపారిన్ ట్యూబ్‌లో రక్తం, ఐస్ పెట్టకూడదు, ఫ్రిజ్‌లో పెట్టకూడదు, 24 గంటల్లో చేరాలి, అదే డబ్బాలో సంబంధం లేని ఆరోగ్యవంతుడి రక్తం ఇంకో ట్యూబ్ పంపాలి. ఆ రెండో ట్యూబ్ లేకపోతే తక్కువ రావడం జబ్బు వల్లా, దారిలో ఎండకి కణాలు దెబ్బతినడం వల్లా అనేది తేలదు. అమ్మానాన్నల్ని కంట్రోల్‌గా పంపకూడదు, వాళ్ళు క్యారియర్స్ (ఒక కాపీ చెడినవాళ్ళు) అయ్యుండొచ్చు.

రిపోర్ట్ వచ్చింది: రెగ్యులేటరీ కణాల్లో సీటీఎల్ఏ-4 కంట్రోల్‌తో పోలిస్తే మూడో వంతు. స్టెరాయిడ్ మీద ఉంది కదా దానివల్ల తగ్గిందేమో అని మా టీమ్‌లో ఒకరు అడిగారు, సరైన ప్రశ్నే. కానీ ఒంట్లో ఇంత మంట (ఇన్‌ఫ్లమేషన్) ఉన్నప్పుడు టీ కణాలు యాక్టివేట్ అయ్యే ఉంటాయి, యాక్టివేట్ అయిన కణంలో సీటీఎల్ఏ-4 పెరగాలి. పెరగాల్సిన చోట తగ్గింది కాబట్టి ఆ తగ్గుదలని గట్టిగానే తీసుకున్నాం.

రిపోర్ట్ కోసం ఆగాలా, మందు మొదలుపెట్టాలా

ఎక్సోమ్ (జీన్స్‌లో ప్రోటీన్ తయారుచేసే భాగాలన్నీ చదివే టెస్ట్) రిపోర్ట్‌కి ఇంకా వారాలు పడుతుంది. చేతిలో ఉన్న మందు అబాటసెప్ట్. సీటీఎల్ఏ-4 బయటి భాగాన్ని ఐజీజీ తోకకి అతికించి తయారు చేసిన ప్రోటీన్, 2005 చివర్లో అమెరికాలో రుమటాయిడ్ ఆర్థ్రైటిస్ కోసం అప్రూవ్ అయింది, ఈ జబ్బుకి లేబుల్ లేదు. అసలే ఇన్ఫెక్షన్లని తట్టుకోలేని పాపకి ఇంకో ఇమ్యూనిటీ తగ్గించే మందా అని ఇంట్లోవాళ్ళూ అడిగారు, మాలోనూ వాదన జరిగింది. మా లెక్క ఏంటంటే సిరోలిమస్, స్టెరాయిడ్ లాంటివి పాపకి ఉన్నదాన్ని కూడా తగ్గిస్తాయి, ఇది మాత్రం పాపకి లేనిదాన్ని బయటి నుంచి ఇస్తుంది. జీన్ సీటీఎల్ఏ-4 అయినా ఎల్ఆర్‌బీఏ అయినా ఈ మందు లాజిక్ మారదు, కాబట్టి ఏ జీన్ అనేది తేలేదాకా ఆగాల్సిన పని లేదు. అలాగని గుడ్డిగా ఇవ్వలేదు. టీబీకి చేసే ఇగ్రా అనే రక్తపరీక్ష ఇండిటర్మినేట్ (అవునో కాదో తేలలేదు) అని వచ్చింది, ఇలాంటి పిల్లల్లో అలాగే వస్తుంది, ఆరు నెలల టీబీ కోర్స్ ముందే అయిపోయింది కాబట్టి సీటీ, కల్చర్ చూసుకుని ముందుకెళ్ళాం. హెపటైటిస్ బీ కోర్ యాంటీబాడీ (ఆ వైరస్ ఎప్పుడో సోకిందని చూపేది) పాజిటివ్ వచ్చి అందరూ కంగారు పడ్డారు, ఐవీఐజీలో దాతల యాంటీబాడీలు ఉంటాయి కాబట్టి అది పాపది కాకపోవచ్చు, డీఎన్ఏ పీసీఆర్ చేస్తే నెగెటివ్. ఈబీవీ, సీఎంవీ అనే వైరస్‌లకి కూడా పీసీఆర్‌లు చూశాం. నెలనెలా ఐవీఐజీ, ఇన్ఫెక్షన్లు రాకుండా కోట్రైమాక్సజోల్ రెండూ ముందే మొదలైపోయాయి.

మందు చేతికొచ్చేలోపు హైడ్రాక్సీక్లోరోక్విన్ వాడాం, లైసోజోమ్‌లో అరిగిపోవడాన్ని తగ్గిస్తుంది కాబట్టి; దీనికి దగ్గరి మందు క్లోరోక్విన్‌తో ల్యాబ్‌లో ఎల్ఆర్‌బీఏ లోపం ఉన్న కణాల్లో సీటీఎల్ఏ-4 అరిగిపోకుండా ఆగినట్టు చూపించారు. మా పాపలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు.

అబాటసెప్ట్ కిలోకి 10 మిల్లీగ్రాములు. సిస్టర్స్‌కి ఒకటి దగ్గరుండి చూపించాలి: వయల్‌లోకి నీళ్ళు ఎక్కించడానికి సిలికాన్ లేని సిరంజి, డబ్బాలోనే వచ్చేది, అదే వాడాలి. మామూలు సిరంజి వాడితే పారదర్శకంగా పలుకులు కడతాయి, అప్పుడు మందు పారబోయాల్సిందే. ఊపకూడదు, వయల్‌ని మెల్లగా గుండ్రంగా తిప్పాలి, ఫిల్టర్ పెట్టి అరగంటలో ఎక్కించాలి. వయల్ 250 మిల్లీగ్రాములు, పాపకి కావాల్సింది 140, మిగిలింది దాచుకుని వచ్చేసారి వాడటానికి లేదు, ఖరీదు గురించి మాట్లాడేటప్పుడు ఇది ఇంట్లోవాళ్ళకి ముందే చెప్పాలి, లేకపోతే సగం మందు పారేస్తుంటే చూసి తట్టుకోలేరు.

మూడో డోసుకి విరేచనాలు రోజుకి రెండు మూడుకి దిగాయి, రాత్రి లేవడం ఆగిపోయింది. రక్తం ఎక్కించాల్సిన అవసరం రాలేదు, స్టెరాయిడ్ తగ్గిస్తూ ఆపేశాం, ఈసారి ప్లేట్‌లెట్స్ పడలేదు, సిరోలిమస్ కూడా తర్వాత తీసేశాం. ఎక్సోమ్ రిపోర్ట్ ఈ మధ్యలో వచ్చింది, ఎల్ఆర్‌బీఏ జీన్‌లో రెండు కాపీల్లోనూ ఒకే ఫ్రేమ్‌షిఫ్ట్ (జీన్ చదివే వరసనే తప్పించే మ్యుటేషన్), అమ్మానాన్న ఇద్దరూ క్యారియర్స్.

లేబుల్‌లో రాసినట్టు మూడు డోసుల తర్వాత నాలుగు వారాలకి ఒకసారి చేశాం. ప్రతిసారీ నాలుగో వారంలో కడుపునొప్పి, విరేచనాలు తిరిగొచ్చేవి. అమ్మే ముందు పట్టుకుంది, "మందు వారం దగ్గర పడిందంటే మళ్ళీ బాత్‌రూమ్ దగ్గరే కూర్చుంటది మేడం" అని. ఆలోచిస్తే అది సహజమే. మన సొంత సీటీఎల్ఏ-4 సీడీ80, సీడీ86లని లాగి మింగేస్తుంది, ఈ మందు వాటిని కప్పి ఉంచుతుంది అంతే, రక్తంలో మందు ఉన్నన్నాళ్ళే పని. హాఫ్ లైఫ్ పెద్దవాళ్ళలో రెండు వారాలకి కాస్త తక్కువ, పేగులు చెడి ఉన్నప్పుడు ప్రోటీన్ మందు కూడా పేగుల్లోంచి పోతుంది. రెండు వారాలకి ఒకసారి చేశాక ఆ చివరి వారం గొడవ పోయింది. సాల్యుబుల్ సీడీ25 (టీ కణాలు ఎంత యాక్టివ్‌గా ఉన్నాయో చూపేది) లెవెల్‌తో కూడా ఫాలో చేశాం, అది పాప లక్షణాలతో పాటే దిగింది. బరువు 18 కిలోలు దాటింది, ఛాతీ సీటీలో నోడ్యూల్స్ మెల్లగా కరుగుతున్నాయి, అవి కూడా టీబీ కాదు, లింఫోసైట్లు పేరుకున్నవే.

ఇప్పుడు ఎక్కడున్నాం, మేం ఏం మార్చాం

ఏ పిల్లకైనా మొదటి ఐవీఐజీ లేదా రిటుక్సిమాబ్‌కి ముందు ఐజీజీ, ఐజీఏ, ఐజీఎమ్‌కి రక్తం తీసి, కొంచెం సీరమ్ ఫ్రీజర్‌లో పెట్టాకే డ్రిప్ మొదలుపెట్టాలని యూనిట్‌లో రూల్ పెట్టుకున్నాం. పాత ఫైల్స్ ఉంటే ఆల్బుమిన్, టోటల్ ప్రోటీన్ తీసివేత చేసి చూడమని పీజీలకి చెప్తున్నా, ఖర్చు లేని టెస్ట్. ఈవాన్స్ అని రాసిన ప్రతి పిల్లకీ జెనెటిక్ టెస్ట్ సంగతి మొదటి అడ్మిషన్‌లోనే మాట్లాడుతున్నాం, మూడో మందు ఫెయిల్ అయ్యాక మాట్లాడితే అప్పటికి ఊపిరితిత్తులు, పేగులు దెబ్బతిని ఉంటాయి.

అబాటసెప్ట్ జీవితాంతం ఇవ్వగలమా అనేది అసలు ప్రశ్న, డబ్బు పరంగా కూడా. పూర్తిగా నయం చేసేది బోన్ మ్యారో ట్రాన్స్‌ప్లాంటే, జబ్బు అదుపులో ఉన్నప్పుడు చేస్తేనే ఫలితాలు బాగుంటాయి, కాబట్టి ఈ కుదురుకున్న సమయాన్ని దానికే వాడుకోవాలని నా అభిప్రాయం. తమ్ముడికి ఒక కాపీ మాత్రమే చెడింది, హెచ్‌ఎల్‌ఏ (ట్రాన్స్‌ప్లాంట్‌కి ఇద్దరిలో కలవాల్సిన కణాల గుర్తులు) పూర్తిగా కలిసింది, క్యారియర్ అయినా డోనర్‌గా పనికొస్తాడు. ట్రాన్స్‌ప్లాంట్ టీమ్‌తో మాటలు నడుస్తున్నాయి, ఇంట్లో నాయనమ్మకి ఇంకా ఒప్పుదల లేదు, చిన్నోడి దగ్గర తీసేది మూలుగు అంటే ఆవిడకి భయం, ఆవిడని కూడా కూర్చోబెట్టి అది మళ్ళీ తయారవుతుందని చెప్పాం, ఇంకోసారి చెప్తాం. ఇంకో బిడ్డని కనాలనుకుంటే పదకొండు పన్నెండు వారాల్లో టెస్ట్ చేయించుకోవచ్చని అమ్మానాన్నలకి చెప్పాం, రెండు వైపులా పెళ్ళి కావాల్సిన పిల్లలకి క్యారియర్ టెస్ట్ సంగతి కూడా.

పాపకి లైవ్ వ్యాక్సిన్లు ఏవీ వద్దు. ఇంట్లో తమ్ముడికి పోలియో చుక్కలు వేస్తే ఆ వైరస్ మలంలో బయటికొచ్చి పాపకి చేరొచ్చు, కాబట్టి వాడికి ఇంజెక్షన్ పోలియోనే వేయించాలి. పల్స్ పోలియో రోజు ఆశా వర్కర్ ఇంటికొస్తే చూపించడానికి తెలుగులో ఒక లెటర్ రాసిచ్చాం, పీహెచ్‌సీ డాక్టర్‌కి ఫోన్ చేసి కూడా చెప్పాం.